వేలు దూరని కట్టు

పోయిన నెల ఒంగోలులో మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, ఆ ఇంట్లో నాకంటే ముందు పరామర్శ అందుకోవలసినవాళ్లు ఇంకొకరున్నారని తెలిసింది. ఆ ఇంకొకరికి నాలుగు కాళ్లు. వాటిలో ఒకటి గేటు సందులో ఇరుక్కుని కొంచెం తోలు లేచింది. నేను నాలుగు గంటలు బస్సులో కూర్చుని, రెండు మోకాళ్లూ పట్టేసి దిగితే, మా అమ్మాయి నన్ను చూసి ఎంతో సంతోషించింది, ఆటోలో కుక్కను పట్టుకోవడానికి ఇంకో మనిషి దొరికినందుకు. నా మోకాళ్ల సంగతి నేను ఎత్తలేదు. రెండు కాళ్లవాడు నాలుగు కాళ్లదానితో పోటీకి దిగకూడదు.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు, నిదానస్తుడు. గాయం కడిగి, మందు రాసి, కట్టు కట్టి, కుక్క దాన్ని నాకకుండా మెడ చుట్టూ గరాటు లాంటి ప్లాస్టిక్ అట్ట తొడిగాడు. ఆఖరున కట్టు అంచు కింద వేలు దూర్చి చూసుకుని, “ఇలా వేలు దూరాలండీ, దూరకపోతే కాలికి రక్తం ఆడదు” అని మా అమ్మాయికి చెప్పాడు. నాకు చెప్పలేదు. ముసలాయనకు ఇవన్నీ ఎందుకనుకుని ఉంటాడు. ఆ సంగతి నాకు డెబ్బై ఏళ్ల కిందటే చెప్పారు, కాకపోతే కొంచెం ఆలస్యంగా చెప్పారు. బల్ల మీద పడుకుని ముగ్గురు మనుషుల చేత ఒళ్లు నిమిరించుకుంటున్న ఆ కుక్కను చూస్తుంటే నాలో ఏదో కదిలింది. దాన్ని జాలి అని రాసుకోవాలని ఉంది కాని, నేను దాన్ని బాగా ఎరుగుదును. అది అసూయ. పన్నెండో ఏట మార్కాపురంలో మా ఇద్దరికీ పరిచయమైంది.

అప్పుడు మేం మద్రాసు రాష్ట్రంలోవాళ్లం. మా ఇంట్లో మద్రాసు చూసినవాళ్లు ఎవరూ లేరు. కర్నూలు చూసినవాళ్లే ఇద్దరు, వాళ్లూ కోర్టు పని మీద. మా ఇంటి నుంచి మద్రాసు దాకా పోయివచ్చే భాగ్యం, నిజానికి పోయే భాగ్యం మాత్రమే, పలకలకే ఉండేది. మా నాయనకు ఊరి బయట పలకల కార్ఖానా ఉండేది. కార్ఖానా అంటే యంత్రాలేమీ లేవు. రెండు తాటాకు పందిళ్లు, ఒక నీళ్ల తొట్టి, క్వారీ నుంచి బండ్ల మీద వచ్చిన నల్లరాతి గుట్టలు. మగవాళ్లు రాతిని పొరలుగా చీల్చేవాళ్లు. ఆడవాళ్లు వరసగా కూర్చుని ఇసకా నీళ్లూ వేసి పలకలను నున్నగా రుద్దేవాళ్లు. మా ఇల్లు అదే ఆవరణలో ఒక పక్కన ఉండేది కాబట్టి నా చిన్నతనం అంతా తడి రాతి వాసన. అన్నంలో కూడా కొంచెం రాతిపొడి ఉండేదేమో, మా ఇంట్లో ఎవరికీ మాటలు మెత్తగా వచ్చేవి కావు. నాయనకు ఒక అలవాటు ఉండేది. రోజూ పొద్దున్నే పందిరి కిందికి వచ్చి, పూర్తయిన పలకలను ఒక్కొక్కటే ఎడమచేత్తో ఎత్తి పట్టుకుని, కుడిచేతి మెటికతో తట్టి వినేవాడు. మంచి పలక ఖంగుమంటుంది. లోపల బీటున్న పలక దబ్‌మంటుంది. మనుషులను కూడా ఆయన అట్లాగే తట్టి చూసేవాడని, నన్ను తట్టినప్పుడు ఖంగుమనే చప్పుడు ఏనాడూ రాలేదని నా అనుమానం.

ఇంట్లో రాజ్యం మా జేజిది, అంటే నాయన తల్లిది. తెల్లవారుజామున ఆమె మజ్జిగ చిలుకుతూ కోడళ్లనూ కోళ్లనూ ఒకే శ్రుతిలో తిట్టేది. తలకు ఆముదం, నోట్లో పొగాకు, చేతిలో కవ్వం. ఈ మూడు వాసనలూ కలిస్తే జేజి దగ్గర్లో ఉందని అర్థం. కొర్రన్నం వార్చిన గంజి కొంచెం చల్లారాక, వాకిట్లో ఉన్న బొచ్చెలో పోసి, “రా, మింగు” అనేది. వచ్చి మింగేది డఫేదారు. ఈ డఫేదారు మా కుక్క. త్రిపురాంతకంలో రాళ్లు దించి వస్తున్న మా బండి వెనకాల పిల్లగా ఉన్నప్పుడే నడిచి వచ్చింది. కలెక్టరు క్యాంపుకు వస్తే ఆయన ముందు బెల్టు పెట్టుకుని జనాన్ని అదిలించుకుంటూ నడిచే డఫేదారు అనే బంట్రోతును మా ఊరు రెండు మూడు సార్లు చూసి ఉంది. ఇది కూడా ఎవరు ఎటు పోతున్నా వాళ్లకంటే ముందు నడుస్తూ ఖాళీ దారిని అదిలించేది. అందుకని ఆ పేరు.

ఆ కుక్క నాదని నా అభిప్రాయం. ఇంట్లో ఎవరూ కాదనలేదు, అవుననీ అనలేదు. కుక్క అభిప్రాయం మాత్రం వేరుగా ఉండేది. మధ్యాహ్నం పని ఆగి ఆడవాళ్లు సద్ది మూటలు విప్పగానే డఫేదారు నా పక్క నుంచి లేచి, ఒళ్లు విరుచుకుని, నేరుగా పోయి రూతమ్మ ముందు కూర్చునేది. రూతమ్మ మా కార్ఖానాలో పలకలు రుద్దే మనిషి. పాతికేళ్లు ఉంటాయేమో. కార్ఖానాకు అవతల, వాగు దాటాక ఉన్న క్రైస్తవుల పేటలో వాళ్ల ఇల్లు. అంతకు ముందు నాలుగైదేళ్లు ఒక దొరసాని నడిపే చిన్న దవాఖానాలో గాయాలు కడిగి కట్లు కట్టే పని చేసింది. దొరసాని వాళ్ల దేశానికి పోయాక దవాఖానా మూతపడి, రూతమ్మ పలకల దగ్గరికి వచ్చింది. ఆమె డఫేదారుకు పెట్టేది జొన్నరొట్టెలో అరచేయంత ముక్క. నేను పెట్టేది జేజి ఉట్టి మీది నుంచి దొంగిలించిన మీగడ పెరుగు. కుక్క నా పెరుగు తిని, మూతి తుడుచుకుని, ఆమె రొట్టె కోసం పోయేది. నా జీవితంలో తర్వాత కూడా ఇట్లాంటివి కొన్ని జరిగాయి కాని, దేనికీ ఇంత నిద్ర చెడగొట్టుకోలేదు. ఆ కుక్క నాది అని ఒక్కసారి, అందరి ముందు, కుక్క చేతే అనిపించుకోవాలి. ఆ ఏడు ఎండాకాలం నేను కోరుకున్నది అదొక్కటే.

అట్లా ఉండగా ఒక రోజు పలకల దొంతర ఒకటి జారింది. డఫేదారు దాని ముందే నడుస్తూ ఉంది కాబట్టి ముందుకాలి మీద పడింది. ఎముక విరగలేదు కాని, పంజాకు కాస్త పైన పలక పెంకు కోసుకుపోయింది, కాలు బెణికింది. అది మూడు కాళ్ల మీద కుంటుకుంటూ వచ్చి మా పంచలో పడుకుంది. జేజి పసుపూ ఆముదమూ పట్టుకొచ్చింది. ఎద్దులకు వాతలు పెట్టే ఆయన అక్కడే ఉన్నాడు, కాలు మీద చిన్న వాత పెడితే పట్టేసిన నరం వదులుతుందని ఉచిత సలహా ఇచ్చాడు. నేను దగ్గరికి పోతే కుక్క గుర్రుమంది. అప్పుడు రూతమ్మ పంచ బయట వాకిట్లో నిలబడి, చేతులు కడుక్కుంటూ, దాన్ని ఒకసారి ఇట్ల దింపండి, చూస్తానంది. ఎవరూ దింపక్కర్లేకపోయింది. డఫేదారు తనే లేచి మూడు కాళ్ల మీద మెట్లు దిగి ఆమె దగ్గరికి పోయింది. కుక్క పంచ ఎక్కొచ్చు, రూతమ్మ ఎక్కకూడదు. దీన్ని అప్పట్లో ఎవరూ వింతగా చూసేవాళ్లు కాదు, నేనూ చూడలేదు. నాకు ఆ రోజు వింతగా కనబడింది కుక్క మెట్లు దిగిపోవడమే.

ఆమె చేసిన పని నాకు ఇప్పటికీ వరసగా గుర్తుంది. అసూయతో చూసినవి మరిచిపోవడం కష్టం. ఎదురుగా కాకుండా పక్కగా కూర్చుంది. చేయి ముందు వాసన చూడనిచ్చింది. నొప్పి పుడితే మనవాళ్లనైనా కరుస్తుందని చెప్పి, మెత్తటి గుడ్డపేలికతో దాని మూతి వదులుగా కట్టింది. మా అమ్మ చేత నీళ్లు మరగబెట్టించి, ఉప్పు వేయించి, చల్లారాక ఆ నీళ్లతో గాయం కడిగింది. పైకి కనబడుతున్న రాతి పలుకు ఒకటి తీసేసి, శుభ్రమైన గుడ్డ మడిచి నెత్తురు ఆగిందాకా అదిమి పట్టుకుంది. జేజి ఆముదం వద్దంది, వాత పెట్టే ఆయన వైపు చూడనే లేదు. ఉడకబెట్టి ఆరేసిన పాత చీర అంచుతో, వేళ్ల కొసలు బయటికి కనబడేటట్లు కట్టు కట్టి, మూతి విప్పేసింది. కట్టు నాకకుండా, అడుగు ఊడిన చిన్న వెదురుబుట్టను దాని మెడకు తగిలించింది. నాలుగు రోజులు దాన్ని పరుగెత్తనీయకుండా నీడన కట్టేయాలని, నీళ్లు అందుబాటులో పెట్టాలని, కట్టు తడవకూడదని, తను రోజూ వచ్చి విప్పి చూసి మళ్లీ కడతానని చెప్పింది.

“మనుషులకే లేదమ్మా ఈ భోగం. నాకు మొన్న కాలు బెణికితే ఒక్కరన్నా చూసినారా,” అంది జేజి, ఆముదం గిన్నె లోపలికి తీసుకుపోతూ. నేను పైకి నవ్వాను కాని, నా తరఫున కూడా ఆమే మాట్లాడినట్లు అనిపించింది. అంతకు ముందు ఏడాది నాకు పదకొండు రోజులు జ్వరం వస్తే, రోజుకొకసారి వచ్చి వేళ్ల కొసలు ముట్టుకుని చూసినవాళ్లు ఎవరూ లేరు. కుక్కకు ఒక మనిషి దొరికింది, ఆ మనిషికి నా కుక్క దొరికింది, ఇద్దరి మధ్యా నేను పెరుగు గిన్నెతో నిలబడ్డాను.

ఇక్కడ కట్ట కట్టడం గురించి కొంత చెప్పాలి. మా కార్ఖానాలో పలకలు కట్టలు కట్టే పెద్దమనిషి ఖాసిం తాత. పలకల మధ్య ఎండుగడ్డి పరిచి, దొంతరను కిత్తనార తాడుతో నాలుగు వైపులా బిగించేవాడు. ఆరాక ఇంకా బిగుసుకుంటుందని తాడును ముందు తడిపేవాడు. కాలు తన్నిపెట్టి లాగి, ముడి వేసి, ముడి కొసను మెలితిప్పి లోపలికి దోపేవాడు. ఆ కట్ట బండి మీద స్టేషను దాకా, రైల్లో మద్రాసు దాకా పోవాలి. ఏ మాత్రం వదులున్నా లోపల పలకలు ఒకదాన్నొకటి కొట్టుకుని పెంకులవుతాయి. అందుకని తాత ప్రతి కట్ట దగ్గరా తాడు కింద చూపుడు వేలు దూర్చి చూసేవాడు. దూరితే ఆ కట్ట విప్పాల్సిందే. ఆ ఎండాకాలమే నాకు ఆ విద్య నేర్పుతున్నాడు. నేను కట్టిన మొదటి పది కట్టల్లో పదింటికీ వేలు దూరింది. పదకొండోదానికి ఆయన వేలు పెట్టి, నెట్టి, నా వైపు చూసి, “దూరలేదప్పా,” అన్నాడు. నేను చదివిన కాలేజీ తర్వాత నాకొక పట్టా ఇచ్చింది. అది చేతికి వచ్చినప్పుడు ఈ మాట విన్నంత సంతోషం కలగలేదు.

గాయమైన నాలుగో రోజు ఆదివారం. ఆదివారం పేటవాళ్లు పనికి రారు. ప్రార్థన అయ్యాక మధ్యాహ్నం వచ్చి కట్టు మారుస్తానని రూతమ్మ చెప్పింది. నేను పొద్దున్నే డఫేదారు కట్టు చూశాను. వదులుగా ఉంది. వేలు దూరింది, అదీ సులువుగా. నా కళ్లకు అది చేతకాని పని. అంతకంటే నిజం చెప్పాలంటే, అది చేతకాని పని అని తేలడం నాకు కావలసి ఉంది. కుక్క ఎందుకో ఆ పూట నన్ను దగ్గరికి రానిచ్చింది, బుట్టలోంచి తల బయటపెట్టి నా చేయి నాకింది కూడా. నేను ఆమె కట్టు విప్పేసి, కొత్త గుడ్డపేలిక తడిపి, తాత నేర్పినట్లే చుట్టి, లాగి, ముడి వేసి, కొస మెలితిప్పి లోపలికి దోపాను. వేళ్లు కూడా కలిపి కట్టేశాను, అందంగా ఉంటుందని. వేలు పెట్టి చూశాను. దూరలేదు.

నాయన పలకలు తట్టి వస్తూ ఆగాడు. వంగి ఆ కట్టును చూశాడు, మెటికతో ఒకసారి తట్టాడు. “ఎవరు కట్టినారు?” అన్నాడు. నేనేనన్నాను. “గట్టిగా కట్టినావే,” అన్నాడు. మా నాయన దగ్గర ఆ “ఏ” దీర్ఘం తెచ్చుకున్నవాళ్లు ఆ చుట్టుపక్కల ఎక్కువమంది లేరు. నేను ఆ పూట అన్నం కూడా తక్కువ తిన్నాను, లోపల చోటు లేక. మధ్యాహ్నం ఎండలో రూతమ్మ తెల్లచీర కట్టుకుని, చేతిలో ఉడకబెట్టిన గుడ్డ మడత పట్టుకుని వాగు దాటి వచ్చింది. నేను ఎదురుపోయి గేటు దగ్గరే ఆపి, ఇంక నువ్వు రానక్కర్లేదని నాయన చెప్పమన్నాడని చెప్పాను. నాయన అట్లాంటిదేమీ చెప్పలేదు. ఆమె నా భుజం మీదుగా పంచ వైపు ఒకసారి చూసింది. కుక్క ఆమెను చూసి తోక ఊపుతూ ఉంది. “అట్లనే చిన్నయ్యా,” అని గుడ్డ కొంగులో దాచుకుని వెనక్కి పోయింది. మళ్లీ అడగలేదు. యజమాని వద్దన్నాడంటే ఎందుకు అని అడగడం వాళ్లకు అలవాటు లేదని నాకు బాగా తెలుసు. తెలిసే ఆ అబద్ధం ఎంచుకున్నాను.

సోమవారం డఫేదారు గంజి ముట్టలేదు. సాయంత్రానికి నోటి నుంచి చొంగ కారడం మొదలైంది. బుట్టతో సహా తల నేలకు కొట్టుకుంటూ ఉంది. మంగళవారం పొద్దున జేజి బొచ్చె ముందుకు జరపబోతే ఆమె చీర చెంగు పట్టి చించేసింది. నీళ్ల వైపు చూడలేదు. ఖాసిం తాత పలకరిస్తే పళ్లు చూపింది. ఇంకేముంది, పిచ్చి పట్టిందన్నారు. పిచ్చికుక్క కరిస్తే మనిషి ఏమవుతాడో ఆ రోజుల్లో ప్రతి ఊళ్లోనూ చూసినవాళ్లు ఉండేవాళ్లు, అందుకని ఆ మాట వచ్చాక ఎవరూ కాలి వంక చూడరు, నోటి వంకే చూస్తారు. నాయన పెద్దారవీడుకు కబురు పంపాడు. అక్కడ మా అమ్మకు పినతండ్రి కొడుకు ఒకాయనకు తుపాకి లైసెన్సు ఉంది. అడవి పందుల కోసం తీసుకున్నాడు గాని, పందులకు ఆయనంటే అంత భయం లేదని చెప్పుకునేవాళ్లు. మధ్యాహ్నానికి వస్తాడన్నారు.

నేను పంచ అంచున నిలబడి చూస్తున్నాను. మిగతావాళ్లు నోరు చూస్తుంటే నాకు కాలు కనబడుతూ ఉంది. నా కట్టుకు పైన కాలు ఉబ్బి, గుడ్డ అంచు చర్మంలోకి దిగిపోయింది. కట్టు మాత్రం చెక్కుచెదరలేదు. ఆ కట్టు నాయన చూసి మెచ్చుకున్నది. దాన్ని తప్పని చెబితే, నా పన్నెండేళ్లకు దక్కిన ఒక్క మెప్పూ పోతుంది. చెప్పకపోతే కుక్క పోతుంది. ఈ రెండింటిలో ఏది పెద్దదో తేల్చుకోవడానికి నాకు దాదాపు గంట పట్టింది. ఆ గంట గురించి నేను ఎక్కడా గొప్పగా చెప్పుకోలేదు, ఇక్కడా చెప్పుకోను.

పందిరి కిందికి పోయాను. రూతమ్మ తలెత్తకుండా పలక రుద్దుతూ ఉంది.

“రూతమ్మా, ఆదివారం నిన్ను రావద్దని నాయన చెప్పలేదు,” అన్నాను. “నేనే చెప్పినా. కట్టు కూడా నేనే కట్టినా.”

ఆమె పలక రుద్దడం ఆపింది. “ఎట్ల కట్టినావు?”

“తాత కట్టినట్లు. తడిపి.”

“వేళ్లు బయటికున్నాయా?”

లేవన్నాను. ఆమె తిట్టి ఉంటే కొంచెం బాగుండేది. తొట్టిలో చేతులు కడుక్కుని, పక్కనే ఆరేసిన గోనెపట్టా భుజాన వేసుకుని, నాకంటే ముందు నడిచింది.

వాకిట్లో అందరూ వద్దన్నారు. పిచ్చికుక్క దగ్గరికి పోతావా అని జేజి గుండె మీద చేయి వేసుకుంది. “పిచ్చి సంగతి నాకు తెలవదయ్యా,” అని రూతమ్మ నాయనతో అంది. “కాలు చూసినారా? ముందు కాలు చూడండి.” నాయన చూశాడు. ఖాసిం తాత కూడా కళ్లు చికిలించి చూసి, మెల్లగా, “ఇది మన కట్టే కదప్పా,” అన్నాడు. ఎవరికి చెప్పాడో గాని, అందరూ నా వైపు తిరిగారు.

రూతమ్మ గోనెపట్టాను వెనక నుంచి కుక్క తలమీదా ఒంటిమీదా కప్పి, నన్ను పిలిచింది. “నువ్వు కట్టినావు, నువ్వే పట్టుకో. మెడ మీద కాదు, భుజాల కాడ. ఊపిరాడనీ.” నేను పట్టుకున్నాను. అది పట్టా కింద వణుకుతూ ఉంది, నేను పైన వణుకుతున్నాను, కొంచెం సేపటికి ఎవరి వణుకు ఎవరిదో తెలియలేదు. ముడి విప్పడం ఆమె వల్ల కాలేదు. ఎవరి వల్లా అయ్యేది కాదు, అంత బాగా వేశాను. చిన్న కత్తి మొండివైపును చర్మం మీద ఆనించి, పదును పైకి పెట్టి, పోగు పోగు తెంచింది. ఆఖరి పోగు తెగగానే డఫేదారు ఒక మూలుగు మూలిగింది. నేను దాన్ని ఇంకెక్కడా వినలేదు, వినాలని లేదు. వేళ్లు నల్లబడి, చల్లగా ఉన్నాయి. ఆమె వాటిని తన రెండు అరచేతుల మధ్య ఊరికే పట్టుకుని కూర్చుంది. చాలాసేపటికి, “కాస్త వెచ్చనైతున్నాయి,” అంది. తర్వాత నా చేయి లాగి, నా చూపుడు వేలిని తన కొత్త కట్టు కింద దూర్చింది. “ఇది పలక కాదు నాయనా,” అంది. ఇంకో గంటకు కుక్క నీళ్లు తాగింది.

అప్పుడు వచ్చాడు తుపాకి మామ, ఎండలో చెమటలు కక్కుతూ, తుపాకి సిద్ధంగా పట్టుకుని. నాయన ఆయన్ని ఎగాదిగా చూసి, “భోంచేసి పో బావా,” అన్నాడు. ఆయన భోంచేసి, పడుకుని, చల్లబడ్డాక పోయాడు. మా వంశంలో ఆ తుపాకికి సంబంధించిన కథ అంతే.

నాయన నన్ను కొట్టలేదు. ఆ సాయంత్రం పలకలు తట్టుకుంటూ, తల తిప్పకుండానే, కట్టల దగ్గరికి నన్ను ఈ ఏడు రానీయొద్దని ఖాసిం తాతతో చెప్పాడు. రూతమ్మతో, కాలు బాగయిందాకా కుక్క మీ ఇంటి దగ్గరే ఉండనీ అన్నాడు. తీర్పు న్యాయంగా ఉంది, అందువల్ల ఏడవడానికి కూడా కారణం దొరకలేదు. మర్నాడు పని దిగాక ఆమె డఫేదారును రెండు చేతుల మీద ఎత్తుకుని, పొట్ట కింద ఒక చేయి, రొమ్ము కింద ఒక చేయి వేసి, వాగులోకి దిగింది. మా కుక్కకు మనుషులకంటే వెనక పోవడం అలవాటు లేదు. ఆమె చేతుల్లో ఉండి కూడా దారినే చూస్తూ, మొరుగుతూ పోయింది. నా వైపు చూస్తుందేమోనని గేటు దగ్గర చాలాసేపు నిలబడ్డాను.

పది రోజులు ఆగాను. పదకొండో రోజు ఆదివారం, మిట్టమధ్యాహ్నం, జేజి కునుకు తీస్తుండగా వాగు దాటాను. అంతకు ముందు నేను ఆ పేటలోకి పోలేదు. ఎవరూ పోవద్దని చెప్పలేదు కూడా; చెప్పాల్సిన అవసరం లేకుండా పిల్లలను పెంచేవాళ్లు మా వైపు. వైశాఖపు ఎండ. వాగులో నీళ్లుండవు, ఇసకే. పేటకు సొంత బావి లేదు. మా వైపు బావి దగ్గర కడవలు పెట్టుకుని, తోడి పోసేవాళ్లు దయతలచిందాకా నిలబడాలి, ఎండాకాలంలో ఆ దయ కూడా అడుగంటేది. రూతమ్మ వాళ్లది బోదకప్పు ఇల్లు, ముందు చిన్న అరుగు. అరుగు మీద ఒకే ఒక కడవ, మీద మూత. డఫేదారు ఆ అరుగు నీడన పడుకుని ఉంది. నన్ను చూసి లేచింది. నాలుగో కాలు కూడా నేలకు ఆనించింది. ఒక గోరు ఊడింది గాని కాలు నిలబడింది. నా దగ్గరికి వచ్చి, నా చేతులు రెండూ వాసన చూసి, ఒకసారి నాకి, మళ్లీ పోయి ఆమె పక్కన కూర్చుంది. కుక్క ఎవరిదన్న నా ప్రశ్నకు జవాబు అందరి ముందూ కాకపోయినా కుక్క చేతే వచ్చింది.

రూతమ్మ కూర్చోమనలేదు. కూర్చోమంటే నేను కూర్చోవాలా వద్దా అన్న చిక్కు నాకు రాకూడదని కాబోలు. కాలు బాగుందనీ, ఇంకో నాలుగు రోజుల్లో తోలుకొస్తాననీ చెప్పింది. మాట్లాడుతూనే కడవ మూత తీసి, వంచి, మట్టిచిప్పలో నీళ్లు పోసింది. కడవ చాలా వంచాల్సి వచ్చింది. డఫేదారు చప్పుడు చేస్తూ తాగింది. నా నాలుక అంగిట్లో అతుక్కుపోయి ఉంది. ఆ చప్పుడు వింటూ నేను ఆ చిప్పను చూశాను, ఆమె నన్ను చూసింది, తర్వాత ఇద్దరం కడవను చూశాం.

“ఇస్తావా?” అని అడిగాను.

ఆమె కడవ మీద మూత పెట్టింది. “ఇంటికి పో నాయనా,” అంది. “మీ అమ్మ ఇస్తుంది. నేనిచ్చినానని మీవాళ్లకు తెలిస్తే రేపు నాకు పనుండదు.”

అన్ని రోజులూ కుక్క కోసం ఆమె మీద కుళ్లుకున్నాను. ఆ నిమిషాన ఆ కుళ్లు వైపు మార్చుకుని కుక్క మీదికి పోయింది, అక్కడే ఉండిపోయింది. తర్వాత చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, ఎవరింట్లో ఏమిచ్చినా కులం అడక్కుండా తిన్నాను, తాగాను. దాన్ని సంస్కరణ అనుకున్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడు ఆ పేటకు కాలనీ అని పేరు, వీధి మొదట్లో కుళాయి, రూతమ్మ మనవడు పక్క మండలంలో బడి పంతులు. రెండేళ్ల కిందట వాళ్లింట్లో కుర్చీలో కూర్చుని కాఫీ తాగాను, బాగుంది. గాజుగ్లాసులో చల్లటి నీళ్లు కూడా ఇచ్చారు. రూతమ్మ అప్పటికి చాలా ఏళ్ల కిందటే పోయింది. ఆ గదిలో నేను తప్ప అందరూ ఆమె చేతి నీళ్లు తాగినవాళ్లే. నేను మర్యాదగా గ్లాసు ఖాళీ చేశాను.

ఆ రోజు మాత్రం దాహంతోనే వెనక్కి తిరిగాను. డఫేదారు అలవాటు కొద్దీ నా ముందుకు వచ్చి, లేని జనాన్ని అదిలిస్తూ, కొంచెం కుంటుకుంటూ పేట చివరిదాకా నడిచింది. అక్కడ ఇసక కాలుతూ ఉంది. అది ఆగి నా ముఖంలోకి చూసింది. నేను రమ్మని పిలవలేదు, పిలిస్తే వచ్చేదేమో తెలియదు. వాగు మధ్యకు పోయాక వెనక్కి చూశాను. అది అప్పటికే తిరిగిపోయి, చిప్ప అడుగున మిగిలిన నీళ్లు నాకుతూ ఉంది.